ఆలయం నుంచి ఇంటి గోడకు: మతకళ అలంకరణగా మారే క్రమం

పాఠ్యాంశ నిర్మాణం

1.0 లక్ష్యాలు
1.1 పరిచయం
1.2 మతకళను పరిశీలించడానికి ఐదు ప్రశ్నలు
1.3 స్థలాన్ని విడవని రూపం: బల్కంపేట ఎల్లమ్మ
1.4 కథతో తిరిగిన బొమ్మ: చేర్యాల పటం
1.5 గుడి తెర, తోలుబొమ్మ, ఇత్తడి రేకు
1.6 మరో నాగరికత: అజ్టెక్ శిల్పాలు
1.7 గోడమీదికి రావడంలో లాభనష్టాలు
1.8 కొనేవారు పాటించవలసిన అంశాలు
1.9 సారాంశం
1.10 నమూనా ప్రశ్నలు, క్షేత్ర పరిశీలన

1.0 లక్ష్యాలు

ఈ పాఠ్యాంశాన్ని చదివిన తరవాత మీరు:
• పూజాకళకు, అలంకరణ కళకు మధ్య ఉన్న తేడాను ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• తెలుగు ప్రాంతాల్లోని నాలుగు సంప్రదాయ కళలు ఇంటి గోడలమీదికి ఎలా వచ్చాయో చెప్పగలుగుతారు.
• అజ్టెక్ శిల్పాల చరిత్రతో మన అనుభవాన్ని పోల్చగలుగుతారు.
• ఒక కళాఖండాన్ని కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.

1.1 పరిచయం

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లో ఏ అపార్టుమెంటులోకి వెళ్లినా ముందుగది గోడమీద తరచుగా ఏదో ఒక దైవరూపం కనిపిస్తుంది. ఒక ఇంట్లో ఇత్తడి రేకుమీద దశావతారాలు ఉంటాయి. మరో ఇంట్లో అద్దం బిగించిన చేర్యాల బొమ్మ ఉంటుంది. ఇంకో ఇంట్లో ఫైబరుతో పోతపోసిన రామప్ప మదనిక ఉండవచ్చు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న అజ్టెక్ సూర్యశిల నమూనా తగిలించుకున్నవారూ ఉండవచ్చు. అదే ఇంట్లో వంటగది పక్కన చిన్న పూజగది ఉంటుంది. అందులోని పటానికి రోజూ దీపం పెడతారు. ముందుగదిలోని బొమ్మకు మాత్రం పండగకో పబ్బానికో దుమ్ము దులుపుతారు. రెండు చోట్లా ఉన్నది ఒకే దేవుడు కావచ్చు. అయినా రెండింటితో ఇంటివారి ప్రవర్తన ఒకేలా లేదు.

ఈ తేడా బొమ్మలో లేదు, బొమ్మతో మనం పెట్టుకున్న సంబంధంలో ఉంది. ఆ సంబంధం ఎలా మారుతుందో, ఆ మార్పులో ఎవరికి ఏమి దక్కుతుందో, ఎవరికి ఏమి పోతుందో తెలుసుకోవడమే ఈ పాఠ్యాంశం ఉద్దేశం. మతకళ అలంకరణగా మారడాన్ని కొందరు పతనమంటారు, మరికొందరు పునరుజ్జీవనమంటారు. ఈ రెండు మాటల్లో దేన్నయినా ఒప్పుకునే ముందు ఒక్కో కళను విడివిడిగా పరిశీలించాలి.

1.2 మతకళను పరిశీలించడానికి ఐదు ప్రశ్నలు

ఏ మతకళనైనా కింది ఐదు ప్రశ్నలతో పరిశీలించవచ్చు.

(అ) స్థలం: ఆ రూపం మొదట ఎక్కడ ఉండడానికి తయారయింది?
(ఆ) వినియోగం: దానితో ఏమి చేసేవారు? పూజించేవారా, ఊరేగించేవారా, కథ చెప్పేవారా?
(ఇ) కర్త, పోషకుడు: ఎవరు చేశారు? ఎవరు చేయించుకున్నారు?
(ఈ) చూపు: దానిని ఎంత దూరం నుంచి, ఏ వెలుగులో, ఏ కోణంలో చూడాలని ఉద్దేశించారు?
(ఉ) ముగింపు: పాతబడ్డాక దానిని ఏమి చేసేవారు?

ఈ ఐదింటిలో చివరి ప్రశ్నను సాధారణంగా ఎవరూ అడగరు. కాని అన్నిటికంటె ఎక్కువ విషయం చెప్పేది అదే. వేంకటేశ్వరస్వామి బొమ్మ ఉన్న పాత క్యాలెండరును చించి చెత్తబుట్టలో వేయడానికి చాలామందికి చేయి రాదు. దానిని తీసుకెళ్లి ఏ రావిచెట్టు మొదట్లోనో పెట్టి వస్తారు. అది అచ్చయిన కాగితమే, ప్రాణప్రతిష్ఠ జరిగిన విగ్రహం కాదు. అయినా వారి దృష్టిలో అది పూర్తిగా అలంకరణ వస్తువు కాలేదు. నగరంలో ప్రహరీగోడలు పాడుచేయకుండా దేవుళ్ల బొమ్మలున్న టైల్స్ అతికించడం మీరు చూసే ఉంటారు. ఎలాంటి పూజా లేని ఆ టైలు కూడా మనిషిని ఒక అడుగు వెనక్కి వేయిస్తున్నది. దీన్నిబట్టి మతకళ ఒక్కసారిగా అలంకరణగా మారదని, మధ్యలో చాలా మెట్లు ఉంటాయని గ్రహించాలి.

దైవరూపాన్ని సామాన్యుల ఇంటి గోడకు తెచ్చినది ముఖ్యంగా అచ్చుయంత్రం. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో స్థాపించిన ముద్రణాలయం లక్ష్మి, సరస్వతి వంటి దేవతల బొమ్మలను రంగుల్లో అచ్చువేసి దేశమంతటా అందుబాటులోకి తెచ్చింది. గుడిలోకి ప్రవేశం లేని కులాలవారి ఇళ్లకు కూడా దేవుని రూపం పటంగా చేరింది. గోడమీది బొమ్మను తక్కువగా చూసేవారు ఈ సామాజిక ప్రయోజనాన్ని మరచిపోకూడదు.

1.3 స్థలాన్ని విడవని రూపం: బల్కంపేట ఎల్లమ్మ

అమీర్‌పేటను ఆనుకొని ఉన్న బల్కంపేటలో ఎల్లమ్మ ఆలయం ఉంది. ఇక్కడ అమ్మవారు భూమట్టానికి సుమారు 10 అడుగుల దిగువన, బావిలో, శయనరూపంలో ఉంటుంది. భక్తులు పైనుంచి కిందికి చూసి దర్శించుకుంటారు. బావి నీటినే తీర్థంగా స్వీకరిస్తారు. ఆషాఢమాసంలో జరిగే కల్యాణానికి, బోనాలకు నగరం నలుమూలల నుంచి జనం వస్తారు.

పై ప్రశ్నలను ఇక్కడ వేసి చూడండి. ఈ రూపానికి స్థలం, నీరు, కిందికి వంగి చూసే చూపు విడదీయరానివి. అమ్మవారి ఛాయాచిత్రాన్ని చట్రంలో బిగించి గోడకు నిలువుగా తగిలిస్తే ముఖం కనిపిస్తుంది, అలంకారం కనిపిస్తుంది. బావి లోతు రాదు, నీరు రాదు, పడుకున్న అమ్మవారు నిలబడినట్లవుతుంది. భక్తులకు ఆ పటం గుడిని గుర్తుచేసే ఆనవాలు మాత్రమే. గుడికి బదులుగా దానిని ఎవరూ భావించరు. అందుకే ఇంట్లో పటం ఉన్నవారు కూడా ఆషాఢంలో బోనం ఎత్తుకొని బల్కంపేటకే వస్తారు.

కొన్ని మతరూపాలు స్థలానికి కట్టుబడినవని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. రామప్ప మదనికల విషయమూ కొంతవరకు ఇటువంటిదే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ ఆలయంలో మదనికలు స్తంభాలనుంచి చూరు వైపు ఏటవాలుగా అమర్చిన నల్లరాతి శిల్పాలు. కింద నిలబడి తల ఎత్తి చూసేవారి కోసం వాటిని చెక్కారు. సోఫా వెనక గోడకు నిట్టనిలువుగా తగిలించిన నమూనాలో అవయవాల కొలతలు కొంచెం సాగినట్లు కనిపిస్తే, అది శిల్పి లోపం కాదు. మనం చూసే కోణం మారింది, అంతే.

1.4 కథతో తిరిగిన బొమ్మ: చేర్యాల పటం

బల్కంపేట అమ్మవారికి పూర్తి భిన్నమైనది చేర్యాల పటం. ఇది ఒకచోట ఉండడానికి పుట్టలేదు, తిరగడానికే పుట్టింది. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. ఇక్కడి నకాషీ కుటుంబాలు సుమారు 3 అడుగుల వెడల్పు, ఒక్కోసారి 40 అడుగులకు పైగా పొడవు ఉండే బట్టమీద కులపురాణాలను వరుస గళ్లలో చిత్రించేవారు. బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపిన పూతలు పూసి, ఆరబెట్టి, దానిమీద బొమ్మ వేస్తారు. వెనకతలం ఎక్కువగా ఎరుపు.

ఆ పటాలను చేయించుకున్నది కథకులు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు. గౌడజెట్టివారు గౌడులకు, కాకిపడగలవారు ముదిరాజులకు, డక్కలివారు మాదిగలకు వారి వారి కథలు చెప్పేవారు. రాత్రిపూట ఊరి నడుమ పటాన్ని వేలాడదీసి, ఒక్కొక్క గడి విప్పుతూ, కర్రతో చూపుతూ పాడేవారు. ఆ ఊళ్లోని కులంవారు ధాన్యమో డబ్బో ఇచ్చేవారు. అంటే పటానికి చిత్రకారుడు, కథకుడు, వినే కులం అనే మూడు కాళ్లు ఉండేవి. పాతబడ్డ పటాన్ని పారేయకుండా, మనిషికి చేసినట్లే సంస్కారం చేసి నదిలో నిమజ్జనం చేసి, కొత్త పటం రాయించుకునేవారు. ముగింపు ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన జవాబు దొరకదు.

సినిమా, రేడియో, ఆ తరవాత టెలివిజన్ వచ్చాక కథకులకు శ్రోతలు తగ్గారు. కథకులు తగ్గడంతో పటం చేయించుకునేవారు తగ్గారు. బతుకుదెరువు కోసం నకాషీలు పొడవైన పటంలోంచి ఒక్కొక్క గడిని విడదీసి చిన్న చట్రాల్లో అమ్మడం మొదలుపెట్టారు. కల్లు గీసే గౌడు, మగ్గం ముందు నేతగాడు, బోనమెత్తిన స్త్రీ వంటి విడి బొమ్మలు, మాస్కులు, తాళంచెవుల గొలుసులు కూడా వచ్చాయి. నేడు పంజాగుట్ట వంటి చోట్ల ఇళ్లలో, ఆఫీసుల్లో వేలాడేది ఇలా విడివడిన గడియే.

ఇక్కడ జరిగిన మార్పును జాగ్రత్తగా గుర్తించండి. చిత్రకారుడు మిగిలాడు. వినే కులం స్థానంలో కొనుగోలుదారుడు వచ్చాడు. కథకుడి స్థానంలోకి మాత్రం ఎవరూ రాలేదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి - 1
1. చేర్యాల పటానికి ఉన్న 'మూడు కాళ్లు' ఏవి?
2. బల్కంపేట అమ్మవారి రూపాన్ని గోడకు తగిలించినప్పుడు ఏ అంశాలు రాలేకపోతాయి?

1.5 గుడి తెర, తోలుబొమ్మ, ఇత్తడి రేకు

శ్రీకాళహస్తి కలంకారీ: రామాయణ, మహాభారత గాథలను గళ్లుగళ్లుగా చిత్రించి, కింద తెలుగులో వివరణ రాసిన పెద్ద బట్టలను గుళ్లలో తెరలుగా, రథాల అలంకారంగా వాడేవారు. బట్టను కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి, వెదురు కలంతో గీతలు గీస్తారు. ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టి నల్లరంగు తీస్తారు. ఎరుపు పట్టడానికి పటిక వాడతారు. ఇరవయ్యో శతాబ్ది నడిమికి ఈ విద్య దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చింది. కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950ల చివర శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడింది. తరవాతి తరం కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. ఇప్పుడు ఈ పనిలో స్త్రీలు చాలామంది ఉన్నారు. కలంకారీ మొదటినుంచీ వేలాడే కళ కాబట్టి గోడకు రావడం దానికి అంత ఇబ్బంది కలిగించలేదు. పరిమాణం తగ్గింది, పదిహేను ఇరవై ఘట్టాల స్థానంలో ఒక ఘట్టం మిగిలింది.

మచిలీపట్నం కలంకారీ వేరు. అది అచ్చుదిమ్మెలతో పూలు, లతలు, చెట్లు అద్దే పని. గోల్కొండ కాలంలో పర్షియా అభిరుచి, విదేశీ వ్యాపారం దానిని పెంచాయి. ఒకే పేరు ఉన్నంతమాత్రాన రెండింటినీ కలపకూడదు.

తోలుబొమ్మ: శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట ఈ కళకు పేరుపొందిన ఊరు. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా చేసి, రంగులద్ది, నగల స్థానంలో సన్నని రంధ్రాలు కొడతారు. తెర వెనక దీపం వెలిగితేనే ఆ రంధ్రాలు మెరుస్తాయి, రంగులు జీవం పోసుకుంటాయి. అదే బొమ్మను సున్నం వేసిన గోడకు ఆనించి తగిలిస్తే వెనక వెలుగు లేక మసకబారుతుంది. ఇక్కడ కళాకారులు మంచి పరిష్కారం కనుక్కున్నారు. తోలుబొమ్మను దీపపు తొడుగుగా మలిచారు. లోపల బల్బు వెలుగుతుంది, హనుమంతుడు మళ్లీ తెరమీద ఉన్నట్లే కనిపిస్తాడు. కథ పోయినా, 'చూపు' అనే అంశం నిలిచింది. కొత్త వాడుకలో కూడా కళ మూలస్వభావాన్ని కాపాడవచ్చని ఇది నిరూపిస్తున్నది. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది.

పెంబర్తి ఇత్తడి పని: జనగామ జిల్లా పెంబర్తిలో విశ్వకర్మ కళాకారులు రేకును లక్కమీద పరచి, చిన్న ఉలులతో, సుత్తితో కొట్టి బొమ్మను ఉబ్బెత్తుగా లేపుతారు. గుడి వాహనాలకు, రథాలకు, ధ్వజస్తంభాలకు తొడుగులు చేయడం వీరి పాత వృత్తి. ఇప్పుడు జ్ఞాపికలు, గోడపలకలు ఎక్కువగా చేస్తున్నారు. అయితే గుడిపని ఆగిపోలేదు. ఒకే చేయి ఉదయం ధ్వజస్తంభపు తొడుగును, సాయంత్రం హోటలు గోడకు పలకను చేయవచ్చు. పూజాకళ, అలంకరణ కళ అనే విభజన కళాకారుడి చేతిలో కాదు, వస్తువు వెళ్లే చిరునామాలో ఉందని పెంబర్తి చెబుతున్నది.

1.6 మరో నాగరికత: అజ్టెక్ శిల్పాలు

పై ఉదాహరణల్లో మార్పు మెల్లగా, చాలావరకు కళాకారుల ప్రమేయంతో జరిగింది. అదే మార్పు యుద్ధంవల్ల ఒక్కసారిగా జరిగితే ఎలా ఉంటుందో మెక్సికో చరిత్ర చూపుతుంది. 1521లో స్పానిష్ సేనలు అజ్టెక్ రాజధాని టెనోచ్టిట్లాన్‌ను పట్టుకున్నాయి. ప్రధానాలయాన్ని కూల్చాయి. దానిమీదనే నేటి మెక్సికో నగరం లేచింది.

1790లో నగర కూడలిలో తవ్వకాలు జరుగుతుండగా రెండు పెద్ద శిల్పాలు బయటపడ్డాయి. మొదటిది పాములు పెనవేసిన పావడా ధరించిన దేవతామాత కోట్లిక్యూ. దానిని విశ్వవిద్యాలయానికి తరలించారు. స్థానికులు దానిముందు కొవ్వొత్తులు, పూలు పెట్టడం చూసి అధికారులు కలవరపడి తిరిగి పాతిపెట్టించారు. రెండున్నర శతాబ్దాలకు పైగా మట్టిలో ఉన్నా ఆ రూపం భక్తుల దృష్టిలో 'కళాఖండం' కాలేదన్నమాట. ఆ విగ్రహం అడుగుభాగంలో కూడా, నేలకు ఆనే చోట, భూదేవత రూపం చెక్కి ఉంది. అది మనిషి చూడడానికి కాదు, భూమికి చెందడానికి చెక్కినది.

రెండవది సూర్యశిల. సుమారు 3.6 మీటర్ల వ్యాసం, దాదాపు 24 టన్నుల బరువు ఉన్న రాయి. నడుమ ముఖం, చుట్టూ గడచిన నాలుగు యుగాల గుర్తులు, ఆ తరవాత 20 దినచిహ్నాల వలయం ఉంటాయి. దీనిని క్యాలెండరు అంటారు గాని, తేదీలు చూసుకునే పలక కాదు. మొదట ఇది నేలకు సమాంతరంగా పడుకోబెట్టి ఉండేదని పరిశోధకులు ఎక్కువమంది భావిస్తారు. బయటపడిన తరవాత దీనిని క్రైస్తవ ప్రధానాలయం బయటి గోడకు నిలువుగా అమర్చారు. 1885లో మ్యూజియానికి తరలించారు. ఈనాడు ప్రపంచమంతటా అమ్ముడయ్యే సూర్యశిల గోడపలకలన్నీ ఈ నిలువు రూపానికే నకళ్లు. మన బల్కంపేట పటంలో లాగానే పడుకున్నది నిలబడింది.

1978లో విద్యుత్ పనివారి తవ్వకంలో కొయోల్షౌకి దేవత వృత్తశిల దొరికింది. ఆలయపు మెట్ల పాదం దగ్గర అది ఉన్న చోటే దాని అర్థాన్ని చెప్పింది. పురాణంలో ఆ దేవతను సోదరుడు కొండమీదనుంచి పడదోస్తాడు. బలి ఇచ్చిన దేహాలు మెట్లమీదుగా వచ్చి పడేది అక్కడే. ఆ శిల నమూనాను గోడకు తగిలించుకున్నవారికి అందమైన వలయం మాత్రమే కనిపిస్తుంది.

మనకూ అజ్టెక్‌లకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఆ శిల్పాలను చెక్కిన పరంపర తెగిపోయింది. అర్థాన్ని పురావస్తు శాస్త్రజ్ఞులు పేర్చుకుంటూ రావలసి వచ్చింది. మన నకాషీలు, కలంకారీ కళాకారులు, కథకుల కుటుంబాలు ఇంకా ఉన్నారు. అడిగితే చెప్పగలిగినవారు ఉండగానే అడగకపోవడం మన ప్రమాదం.

1.7 గోడమీదికి రావడంలో లాభనష్టాలు

లాభాలు: కళాకారుడికి జీవనాధారం నిలుస్తుంది. గుడికో కులానికో పరిమితమైన బొమ్మను అందరూ చూస్తారు. కొత్తవారు, ముఖ్యంగా స్త్రీలు, వృత్తిలోకి వస్తారు.

నష్టాలు: మొదటిది కథాక్రమం. నలభై అడుగుల కథలో ఒక గడి, నవలలో చింపిన ఒక పేజీ వంటిది. రెండవది మాట, పాట. మూడవది పేరు. ఏ కులం కథ, ఏ ఊరి చేయి అన్నది చెరిగిపోయి 'ఎత్నిక్ డెకార్' అన్న ఒక్క మాట మిగులుతుంది.

వీటికి తోడు నకళ్ల సమస్య ఉంది. చేర్యాల, కలంకారీ నమూనాలను యంత్రంమీద అచ్చువేసి తక్కువ ధరకు అమ్ముతారు. రోజులకొద్దీ పని ఉన్న బొమ్మ ఆ ధరతో పోటీపడలేదు. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం 2003 నుంచి అమలులో ఉంది. చేర్యాల, పెంబర్తి, శ్రీకాళహస్తి కలంకారీ, ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు ఈ గుర్తింపు లభించింది. చట్టం పేరును కాపాడుతుంది. గిట్టుబాటు ధర ఇవ్వవలసింది మాత్రం కొనుగోలుదారుడే.

1.8 కొనేవారు పాటించవలసిన అంశాలు

1. బొమ్మ వెనక్కి తిప్పి చూడండి. చేతిపనిలో గీతలు, రంగులు కొద్దిగా హెచ్చుతగ్గులుగా ఉంటాయి. అచ్చులో ప్రతి ప్రతీ ఒకేలా ఉంటుంది.
2. 'ఇది ఏ కథలో ఏ ఘట్టం?' అని అడగండి. అమ్మేవారికి తెలియకపోతే చేసినవారి పేరు, ఊరు అడిగి తెలుసుకోండి.
3. ఘట్టం, కళాకారుడు, ఊరు, కొన్న సంవత్సరం ఒక చీటీమీద రాసి చట్రం వెనక అతికించండి. మీ తరవాతి తరానికి బొమ్మతోపాటు కథ కూడా అందుతుంది.
4. సహజరంగుల కలంకారీని ఎండ నేరుగా తగిలే చోట పెట్టకండి. చేర్యాల బొమ్మకు నీరు, తోలుబొమ్మకు చెమ్మ తగలనీయకండి.
5. పాత రాతి, లోహ విగ్రహాల విషయంలో చట్టం తెలుసుకోండి. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం 100 సంవత్సరాలు దాటిన శిల్పాలు, చిత్రాలు పురావస్తువులు. వాటిని నమోదు చేయించాలి, లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు, ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. శిథిలాలయం నుంచి ఊడదీసిన శిల్పం ఎంత అందంగా ఉన్నా ఇంటి గోడకు తగదు.

1.9 సారాంశం

మతకళ ఇంటి గోడకు చేరడం కొత్త విషయం కాదు, దానంతట అదే తప్పూ కాదు. స్థలానికి కట్టుబడిన రూపం గోడమీద ఆనవాలుగా మాత్రమే నిలుస్తుంది. తిరిగే బొమ్మ, వేలాడే బొమ్మ కొంత సర్దుబాటుతో కొత్త జీవితం పొందుతుంది. నిమ్మలకుంట దీపపు తొడుగులో వెలుగు నిలిచినట్లు, ఏ అంశం నిలవాలో తెలిసి చేసిన మార్పు కళను కాపాడుతుంది. అజ్టెక్ శిల్పాల కథకులు తిరిగిరారు. చేర్యాల కథకుడి ఖాళీ స్థానాన్ని మాత్రం ఇంకా కొంతవరకు పూరించవచ్చు. గోడకు బొమ్మ తగిలించుకున్న ఇంటివారు ఆ కథను తెలుసుకొని, ఇంటికి వచ్చిన అతిథికి నాలుగు మాటల్లో చెప్పగలిగితే అది మొదలవుతుంది.

1.10 నమూనా ప్రశ్నలు, క్షేత్ర పరిశీలన

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మతకళను పరిశీలించే ఐదు ప్రశ్నలను చేర్యాల పటానికి అన్వయించి చర్చించండి.
2. అజ్టెక్ శిల్పాల అనుభవాన్ని తెలుగు ప్రాంత కళలతో పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తోలుబొమ్మ దీపపు తొడుగుగా మారడంలో నిలిచిన అంశం ఏది?
2. శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీల మధ్య తేడాలు తెలపండి.

III. క్షేత్ర పరిశీలన: బల్కంపేట ఆలయం నుంచి అమీర్‌పేట మీదుగా పంజాగుట్ట కూడలి వరకు నడవండి. దారిలో కనిపించే దైవరూపాల్లో ఐదింటిని ఎంచుకోండి. గుడి విగ్రహం, దుకాణంలోని క్యాలెండరు, ప్రహరీగోడమీది టైలు, ఆటో అద్దంమీది స్టిక్కరు, ఏదైనా హోటలు లేదా ఆఫీసులోని గోడపలక వంటివి తీసుకోవచ్చు. ఒక్కోదానికి ఐదు ప్రశ్నలూ వేసి పట్టికగా రాయండి. 'పాతబడ్డాక ఏమి చేస్తారు?' అనే ప్రశ్నను మాత్రం మీరు ఊహించి రాయకండి. ఆ రూపం ఎవరిదో వారినే మర్యాదగా అడిగి రాయండి. హైదరాబాదులో లేని విద్యార్థులు తమ ఊరి గుడి నుంచి బస్టాండు వరకు ఇదే పరిశీలన చేయవచ్చు.